నలుపు పోయేదాకా

జూన్ 3

అక్కా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. ఈపాటికి నన్ను నాలుగు తిట్టి ఉంటావు. ఇంకో రెండు తిట్టుకుని ఆ తర్వాత చదువు.

"ఇంతకీ అక్కడ రోజంతా ఏం చేస్తావే? అడిగినవాళ్లకి చెప్పలేక చస్తున్నాను" అని రాశావు. చెప్తాను, నవ్వకు. వేలెడంత ఉక్కు కడ్డీని ఒక యంత్రానికి బిగిస్తాను. యంత్రం దాన్ని లాగి వదులుతుంది. మళ్లీ లాగి వదులుతుంది. విరిగేంత గట్టిగా కాదు, అందులో సగం బలంతోనే. ఎన్నిసార్లు లాగిందో పక్కనున్న మీటరు లెక్కపెడుతుంది. ఒక రోజు, రెండు రోజులు, ఒక్కోసారి వారం. కడ్డీ చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. ఉన్నట్టుండి టక్కుమని విరుగుతుంది. ఎక్కడ మొదలై ఎలా విరిగిందో కనుక్కోవడం నా చదువు. దీన్ని లోహపు అలసట అంటారు. మనిషికైతే పడుకుంటే తీరుతుంది. దీనికి తీరదు. ఏడాది ఊరికే వదిలేసినా, ఎక్కడ ఆగిందో మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెడుతుంది.

ఎప్పుడు విరుగుతుందో ముందుగా చెప్పలేకపోవడమే అసలు చిక్కు. పోయిన నెల ఒకే పెట్టెలోంచి రెండు కడ్డీలు తీశాను. ఒకటి రెండు లక్షల సార్లకు విరిగింది. రెండోది పదకొండు లక్షలు దాటినా అలాగే ఉంది.

యంత్రం దగ్గర లేనప్పుడు పాలిష్ పని. కడ్డీలోంచి చిన్న ముక్క కోసి ఎమెరీ కాగితం మీద రుద్దుతాను. ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది, చివరికి మఖమలు గుడ్డ మీద తెల్లపొడి. మన ముఖం మనకి కనపడాలి. ఒక్క గీత మిగిలినా మా సారు చూడరు. "మళ్లీ మొదట్నుంచి" అని చేతిలో పెడతారు. ఆయనకి గీత ఉన్న ముక్క చూపించడమంటే బురద కాళ్లతో నట్టింట్లోకి వెళ్లడమే. రుద్దుతున్నంతసేపూ నీ చేతులు గుర్తొస్తాయి.

బావని అడిగానని చెప్పు. ఇక్కడ హాస్టల్లో ఫోను ఉంది, ఆదివారం పొద్దున చేస్తే పిలుస్తారు.

చెల్లి

జూన్ 12

చిన్నదానా,

ఇన్నేళ్లు చదివి చదివి చివరికి నా పనిలోకే వచ్చావన్నమాట! నీ ఉత్తరం షెడ్డులో చదివి వినిపించాను. మీ బావకి నవ్వి నవ్వి పొలమారింది. "మీ చెల్లెలికి ఇక్కడ చోటు ఖాయం, మేనేజరుతో మాట్లాడనా?" అన్నాడు. పలకలు పట్టుకుని నిలబెట్టే పొడుగాయన ఉన్నాడే, ఆయన "ఏం వదినా, ఇనుముకి అలసటా? మాకు లేని ఆదివారం దానికివ్వండి" అన్నాడు.

మా దగ్గరా అంతే కదా. రంపం కిందనుంచి వచ్చిన రాతి పలకకి ముందు గరుకు రాయి, తర్వాత నడిమి రాయి, తర్వాత సన్న రాయి, చివర పొడి. ఒకటి చెప్తాను, మీ సారుకి తెలుసో లేదో. రాయి మార్చేముందు నీళ్లతో బాగా కడగాలి. ముందు రాయి రేణువు ఒక్కటి మిగిలినా దాని గీత చివరిదాకా వెంటాడుతుంది. పద్నాలుగేళ్లలో నేను నేర్చుకున్న శాస్త్రం ఇదే. నువ్వు దీని మీద పరీక్ష రాసుకో.

ఫోను మాట మర్చిపో. ఇక్కడ ఫోను ఆఫీసులో గుమాస్తా బల్ల మీద ఉంది. ఎవరు మాట్లాడినా తనతోనే మాట్లాడుతున్నట్టు మధ్యలో "ఊ" కొడతాడు. ఉత్తరమే నయం.

మీ బావ బాగానే ఉన్నాడు. ఒకటో నంబరు క్రేను ఇంకా ఆయనదే. పైన తొట్టిలో కూర్చుని గంట కొట్టాడంటే కింద నేను బల్ల వదిలి తప్పుకోవాలి. ఇంట్లో నేను కొడతాను, ఆయన తప్పుకుంటాడు.

అక్క

జూలై 1

చెల్లీ,

ఉత్తరం పొట్టిగా ఉందని అనుకోకు.

మొన్న శనివారం మధ్యాహ్నం మీ బావ క్రేను కొక్కెం ఊడిపడింది. కొక్కేన్ని పట్టి ఉంచే పిన్ను ఉంటుంది, రెండు వేళ్ల లావు. అది రెండు ముక్కలైంది. పలక వచ్చి పొడుగాయన కాలి మీద పడింది. మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రికి వెళ్లాను. ఆయన భార్య నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

ఎందుకంటే అప్పటికే షెడ్డంతా ఒక మాట పాకింది. మీ బావ తొందరపడి ఒకేసారి మూడు పలకలు ఎత్తాడని, అందుకే పిన్ను తట్టుకోలేదని. మేనేజరు కాగితం మీద అదే రాశాడు. మీ బావ ఒక్కటే ఎత్తానంటున్నాడు. ఆ ఒక్కటి పడేచోట స్టాండుకి ఇంకో రెండు ఆనించి ఉన్నాయట. అన్నీ కలిసి ముక్కలైపోయాయి. ఏది పైనుంచి వచ్చిందో ఏది కిందిదో ఎవరు చెప్తారు? పొడుగాయన వీపు అటు తిరిగి ఉంది. నేను కుళాయి దగ్గర ఉన్నాను.

ఆగస్టు 5న విచారణ. తప్పు మీ బావదని తేలితే పోలీసు కేసు.

పిన్ను సగం ముక్క దొర్లుకుంటూ నా బల్ల కిందికి వచ్చింది. తీసి అన్నం డబ్బాలో వేసుకున్నాను. ఎందుకు తీశానో తెలియదు. నీకు విరిగిన ఇనుమంటే పని కదా అని తోచింది.

అక్క

జూలై 6

అక్కా,

నువ్వు ఆ ముక్క తీసి దాచడం ఎంత మంచి పని చేశావో నీకు తెలియదు. పారేయకు. ఎవరికీ ఇవ్వకు.

విరిగిన చోటు చూస్తే అది ఎలా విరిగిందో చెప్పొచ్చు. మోయలేని బరువు ఒక్కసారిగా పడి విరిగితే ఒక రకం. ఏళ్ల తరబడి కొంచెం కొంచెం చీలుతూ వచ్చి చివరికి విరిగితే ఇంకో రకం. నా చదువంతా ఈ తేడా కోసమే. రెండో రకమని తేలితే, బావ ఒక్క పలక ఎత్తినా, సగం పలక ఎత్తినా ఆ రోజు విరగాల్సిందే. అప్పుడు తప్పు పిన్ను మార్చనివాళ్లది.

సారుతో మాట్లాడాను. తానే చూసి, సంతకం పెట్టి రిపోర్టు ఇస్తానన్నారు. ఆయన సంతకాన్ని ఏ విచారణలోనూ కాదనలేరు. బయటివాళ్లవి ఆయన చూడరు. ఒప్పుకోవడమే గొప్ప.

మెత్తటి గుడ్డలో చుట్టి, తడి తగలకుండా డబ్బాలో పెట్టి బస్సు పార్శిలులో వెయ్యి. దేనికీ గుద్దుకోకూడదు. బావని ధైర్యంగా ఉండమను.

చెల్లి

జూలై 13

చిన్నదానా,

పార్శిలు వేశాను. రశీదు ఇందులో పెట్టాను. రెండు రోజులు ఆలస్యమైంది, ఎందుకో విను.

ఆ ముక్కని నువ్వు చూసి ఉంటే నీకే అసహ్యం వేసేది. విరిగిన వైపంతా ఎగుడుదిగుడు. సగానికి పైగా నల్లగా ఉంది, ఆ నలుపులో గవ్వ మీద ఉంటాయే, అలాంటి వంపు గీతలు, ఒకదాని పక్కన ఒకటి. అంచున ఇంతే చోటు తెల్లగా, పంచదార పలుకుల్లాగా ఉంది. మీ బావ చూసి "ఈ నలుపేంటే?" అన్నాడు. "గ్రీజు, ఇంకేంటి" అన్నాను. "అలాగే పంపెయ్యరాదూ?" అన్నాడు. "నీకేం తెలుసు? అక్కడ ఒక్క గీత ఉన్నా ఆ సారు ముట్టుకోడు. మా చెల్లి పరువు పోతుంది" అన్నాను.

మూడు రోజులు మధ్యాహ్నం అన్నం బెల్లు టైములో కూర్చుని చేశాను. నలుపు ఒక పట్టాన పోలేదు, చాలా లోపలిదాకా ఉంది. గరుకు రాయితోనే ఒక రోజు పట్టింది. నలుపు పోయేదాకా వదల్లేదు. తర్వాత నడిమి రాయి, సన్న రాయి, ప్రతిసారీ కడిగాను. చివర మీలాగే మఖమలు కావాలని నా పాత మఖమలు రవిక చేతులు కత్తిరించాను. రాతి కంటే ఇనుము మొండిది సుమా. ఇప్పుడు చూడు, నీ ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. సారుకి చెప్పు, ఎనిమిదో తరగతి చదివిన మనిషి చేసిందని.

రిపోర్టు వస్తోందని మీ బావ మేనేజరుకి చెప్పాడు. అప్పట్నుంచి ఆయన మాట కొంచెం మెత్తబడింది. నిన్న "కూర్చో" అన్నాడట. మీ బావ ఈ పదిహేను రోజుల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

అక్క

జూలై 19

అక్కా,

పార్శిలు చేరింది. చాలా బాగా మెరిపించావు. సారు కూడా చూశారు.

రిపోర్టు కొంచెం ఆలస్యమవుతుంది. ఇలాంటివి తొందరపడితే కావు. మైక్రోస్కోపు దగ్గర వేరేవాళ్ల వంతు నడుస్తోంది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. హాస్టల్లో నా గది మార్చారు, కిటికీ తూర్పు వైపుకి వచ్చింది. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? తడిలో ఎక్కువసేపు నిలబడకు.

ఊరికే అడుగుతున్నాను, ఆ పిన్ను రెండో సగం కొక్కెంలో ఉండిపోయి ఉండాలి కదా, అదెక్కడుందో కనుక్కోగలవా? దొరికితే చేత్తో ముట్టుకోకుండా అలాగే ఉంచు. తుడవకు.

బావని అడిగానని చెప్పు.

చెల్లి

జూలై 26

చెల్లీ,

రెండో సగం లేదు. మర్నాడు పొద్దునే పాత ఇనుము లారీలో వేసి పంపేశారు. ఆ లారీ ఎక్కడికి వెళ్తుందో కాటా దగ్గర మనిషిని అడిగాను. కొలిమికి అన్నాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చిన్నప్పుడు బడి పలక పగలగొట్టుకుని వచ్చిన రోజు నువ్వు ఇలాగే చేశావు. వాన గురించి చెప్పావు, టీచరు చీర గురించి చెప్పావు, కుక్కపిల్ల గురించి చెప్పావు. సంచీ మాత్రం వీపు వెనకాలే పెట్టుకున్నావు. నీ జడ వేసినదాన్ని, నాకు తెలియదా? కిటికీ ఏ వైపుందో నాకెందుకే?

నీకు కనపడాల్సింది కనపడింది. రాయలేక దాస్తున్నావు. మీ బావ మూడు ఎత్తాడు, అంతేనా?

నిన్న ఆయన్నే అడిగాను. "నిజం చెప్పు, ఎన్ని ఎత్తావు?" అన్నాను. "చెప్పాను కదా" అన్నాడు. "నాకు చెప్పు. నేను మేనేజరుని కాదు" అన్నాను. "ఒకటి" అన్నాడు. "మరి రిపోర్టు ఎందుకు రావట్లేదు?" అన్నాను. తింటున్నవాడు చేయి కడుక్కుని వెళ్లి గుమ్మంలో కూర్చున్నాడు. మూడోసారి అడిగితే నా వైపు చూశాడు. పెళ్లైన పంతొమ్మిదేళ్లలో నన్నెప్పుడూ అలా చూడలేదు.

అయిందేదో అయింది. ఉన్నది ఉన్నట్టు రాయి. తెలిస్తే పొడుగాయన కాళ్ల మీద పడైనా వస్తాను. ఆయనకి ఉన్న ఒక్క కాలి మీద.

అక్క

జూలై 31

అక్కా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. బావ ఒక్కటే ఎత్తాడు. ఈ మాట ముందు చదివి, ఆయనకి చెప్పి, తర్వాత మిగతాది చదువు.

నువ్వు చూసిన నలుపు గ్రీజు కాదు. ఆ పిన్ను ఎప్పుడో చీలింది. చీలిన సందులోకి గాలీ నీళ్లూ దూరి తుప్పు పట్టింది, అదే నలుపు. చీలిక కొంచెం కొంచెం లోపలికి పాకుతూ, ఆగి ఆగి నడిచిన చోటల్లా ఒక వంపు గీత పడుతుంది. అవే నీ గవ్వ గీతలు. అంచున పంచదార పలుకుల్లాంటి తెల్లటి చోటు ఒక్కటే ఆ శనివారం విరిగింది. అప్పటిదాకా ఆ కాస్తంత ఇనుమే పలకల్ని మోసింది. నా పుస్తకంలో కూడా ఇంత వివరంగా రాసి లేదు. నువ్వు రాసిన నాలుగు వాక్యాలు చదవగానే నాకు సంగతంతా తెలిసిపోయింది. పార్శిలు విప్పేసరికి నా ముఖం కనపడింది.

సారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు. "ఇది సాక్ష్యం కాదమ్మా, అద్దం" అన్నారు. నీ ఉత్తరం చదివి వినిపించాను. "నువ్వూ నేనూ నమ్ముతాం. నేరం మీద పడినవాడి భార్య, ఆ ముక్కని అరగదీసిన మనిషి రాసిన ఉత్తరాన్ని విచారణలో ఎవరు నమ్ముతారు?" అన్నారు. రిపోర్టు ఇవ్వలేనన్నారు. ఆయన తప్పు లేదు.

నీ తప్పూ లేదు. విరిగిన ముఖాన్ని వేలితో కూడా తాకకూడదని ఇక్కడ చేరిన మొదటి రోజే చెప్తారు. మేం మెరిపించేది పక్కన కోసిన ముక్కని, విరిగిన చోటుని కాదు. ఆ సంగతి నాకు ఎంత అలవాటైపోయిందంటే, నీకు చెప్పాలని తోచనే లేదు. గుడ్డ మెత్తగా ఉండాలని రాశాను, తడి తగలకూడదని రాశాను, ఆ ఒక్కటీ రాయలేదు. తర్వాత నీకు ఎలా చెప్పాలో తెలియక వాన గురించి రాశాను. నువ్వు బావని అనుమానిస్తావని ఊహించలేదు.

ఇవాళే ఆఫీసుకి ఫోను చేశాను. "మీ అక్క పనిలో ఉంది, విషయం నాకు చెప్పమ్మా" అన్నాడు గుమాస్తా. "బావ చెప్పిందే నిజమని అక్కకి చెప్పండి" అన్నాను. "అయితే రిపోర్టు వచ్చిందా?" అన్నాడు. లేదన్నాను. ఆ మాట ఎందుకన్నానో. బయల్దేరి వద్దామని రెండుసార్లు సంచీ సర్దాను. వచ్చి అక్కడ ఏం చూపించను?

ఇంకొకటి. రెండో నంబరు క్రేను పిన్ను ఎప్పటిది? అదీ అప్పటిదే అయితే దాన్ని ఆపించండి. పిన్ను బయటికి తీసి కిరసనాయిలు రాసి, కాసేపాగి పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లమను. చీలిక ఉంటే సుద్ద మీద తడి గీత తేలుతుంది. పావుగంట పని. సారు మేనేజరు పేరున రాసిన ఉత్తరం దీనితో పెడుతున్నాను.

చెల్లి

ఆగస్టు 9

చెల్లీ,

నీ ఉత్తరం ఏడో తారీకున వచ్చింది. మీ బావ అయిదునే సంతకం పెట్టేశాడు.

మేనేజరు పిలిచి "మీ మరదలి రిపోర్టు రావట్లేదటగా" అని నవ్వాడట. మూడు పలకలు ఎత్తానని రాసిస్తే పోలీసుల దాకా వెళ్లకుండా చూస్తాను, క్రేను మాత్రం ఉండదు, పలకలు కడిగే చోటికి మారుస్తాను అన్నాడట. మీ బావ రాసిచ్చాడు. గుమాస్తా నాకు ఒక్క ముక్క చెప్పలేదు. "ఎందుకు పెట్టావు?" అని అడిగాను. "ఇంట్లోనే నమ్మలేదు కదా" అంటాడని చూశాను. అలా అన్నా బాగుండేది. "అన్నం పెట్టు" అన్నాడు.

నీ ఉత్తరం చదివి వినిపించాను. నలుపు సంగతి రాసినచోటు మళ్లీ చదవమన్నాడు. చదివాను. "గ్రీజు అన్నావు" అన్నాడు. అంతే.

పొడుగాయన భార్యకి కూడా చదివి వినిపించాలని వెళ్లాను. సంతకం పెట్టిన సంగతి ఆవిడకి అప్పటికే తెలుసు. "తప్పు ఒప్పుకున్నాక ఇంకా చదువులెందుకు?" అని తలుపు వేసుకుంది. పొడుగాయన లోపలే ఉన్నాడు, దగ్గు వినపడింది.

రెండో నంబరు పిన్ను కూడా అదే రోజుది. ఆరేళ్ల కిందట ఒకే పెట్టెలోంచి తీసి రెండూ మీ బావే బిగించాడు. మీ సారు ఉత్తరం మేనేజరుకి ఇచ్చాను. చదివి బల్ల మీది కాగితాల బరువు కింద పెట్టాడు. "విరిగినదానికి కారణం తేలిపోయిందిగా, మళ్లీ ఇదెందుకు?" అన్నాడు. తేలింది మరి, మీ బావ చేతిరాతే ఉంది. రెండో నంబరు నడిపే మీసాలాయన్ని పట్టుకుని కిరసనాయిలు సంగతి చెప్పాను. "పిన్ను తియ్యాలంటే పూట పని ఆగాలి వదినా, ఎవరాపుతారు? నువ్వు కింద లెక్కపెట్టుకో, నేను పైన ఎత్తుతుంటా" అన్నాడు. ఆయన మంచివాడే.

ఒకటో నంబరు ఆపేశాక రెండోదే నా బల్ల మీదుగా తిరుగుతోంది. నిన్న మీ బావ అన్నం తింటూ పైకి చూసి "అది విరిగితే నేను చెప్పింది నిజమని అందరికీ తెలుస్తుంది" అన్నాడు. అన్నాక నా బల్ల వంక చూశాడు. సాయంత్రం ఎవరికీ చెప్పకుండా బల్లని ఒక్కడే ఈడ్చి గోడవైపు రెండు మూరలు జరిపాడు. ఇవాళ పొద్దున మేస్త్రీ కుళాయి అందదని మళ్లీ మొదటి చోటికి లాగించాడు. కడిగే చోటి నుంచి మీ బావ చూస్తూ నిలబడ్డాడు.

మీ యంత్రానికి మీటరు ఉంది. దీనికి లేదు కదా అని మీసాలాయన మాటే పట్టుకుని సుద్దముక్కతో బల్ల కాలి మీద గీతలు పెడుతున్నాను. ఈ రెండు రోజుల్లో నూట డెబ్బై ఎత్తులు. దీనికి ఆరేళ్లవి కలపాలి, అవి ఎవరు లెక్కపెట్టారు? ఎన్నింటికి విరుగుతుందో నువ్వు చెప్పలేవని తెలుసు. జూన్‌లోనే రాశావు. అయినా పెడుతున్నాను.

ఆ ముక్క వెనక్కి పంపకు. ఇంట్లో అద్దం ఉంది.

అన్నం బెల్లు అయిపోయింది. పైన గంట కొడుతున్నాడు, తప్పుకోవాలి.

అక్క